ఎల్లుండి వాళ్ళ గుమ్మం

ద్రెన్‌దోల్‌లో ముప్ఫై ఒక్క గడపలు. అన్నింటికీ ఇంటిపేరు ఒకటే, మాత్కోవిచ్. నాలుగు వందల ఏళ్ళ కిందట మాత్కో అనేవాడొకడు రెండు మేకలతో కొండెక్కి వచ్చి, దిగడానికి బద్ధకించి అక్కడే ఉండిపోయాడట. అతని కొడుకులు మాత్కోవిచ్‌లు, వాళ్ళ కొడుకులూ మాత్కోవిచ్‌లే. ఊళ్ళో పదకొండు మంది ఆంతె మాత్కోవిచ్‌లుంటే పోస్ట్‌మాన్ ఎవరి ఉత్తరం ఎవరికివ్వాలి? అందుకని ప్రతి ఇంటికీ ఒక గుమ్మం పేరుంది. అది కాగితాల్లో ఉండదు, నాలుక మీద ఉంటుంది. చెవిటోళ్ళు, పొగచూరినోళ్ళు, మూడుగాడిదలవాళ్ళు. వింకా కాపురానికొచ్చిన ఇల్లు ప్రెకొసూత్ర వాళ్ళది. అంటే ఎల్లుండి వాళ్ళది. ఆ ఇంటి ముత్తాత, కప్పు ఎప్పుడు బాగుచేస్తావని పెళ్ళాం అడిగినప్పుడల్లా ఎల్లుండి అన్నాడు, పద్దెనిమిదేళ్ళు. కప్పు కూలిపోయింది. పేరు నిలబడింది.

క్రిస్మస్ అయిన వారానికి ఫాదర్ లోవ్రె ఆ గుమ్మాలన్నీ ఎక్కి దిగుతాడు. తలుపు మీద సుద్దతో సంవత్సరం రాసి, గదుల్లో పవిత్ర జలం చల్లి, పందిమాంసం ముక్కో అరడజను గుడ్లో పుచ్చుకుని, చంకలోంచి ఆత్మల పుస్తకం తీస్తాడు. అందులో ఇంటికో పేజీ. పైన ఇంటి పెద్ద, కింద భార్య, ఆ కింద పిల్లలు. పుట్టినవాళ్ళని చేరుస్తాడు. పెళ్ళయిన పిల్లని పుట్టింటి పేజీలో కొట్టేసి అత్తింటి పేజీలో రాస్తాడు. పోయినవాళ్ళకి పక్కన శిలువ గీస్తాడు గానీ అది ఊరికే మర్యాదకి. ఆ పుస్తకంలో మనిషి బతికున్నంత కాలం సిరా ఆరదు, పోయిన రోజున ఆరిపోతుంది. ఆ సంగతి చర్చి గంట కొట్టేవాడికి డాక్టరు కంటే ముందే తెలుస్తుంది.

అందుకే పేజీకీ పేజీకీ మధ్య మైనం గుడ్డ వేస్తారు. పేరు నడుమ వేలు పెట్టకూడదు, చెదిరితే ఆ మనిషికి వారం రోజులు దగ్గు పట్టుకుంటుంది. కొసన తాకితే ఏం కాదు. కొడుకులు అర్జెంటీనా వెళ్ళిన తల్లులు ఆదివారం పూజయ్యాక వచ్చి, కొసన చిటికెన వేలు ఆనించి, వేలికి నల్లగా అంటితే చూసుకుని, ఇంటికెళ్ళి పులుసు పొయ్యి మీద పెట్టుకుంటారు.

వింకాకి నలభై తొమ్మిదేళ్ళు. చర్చి పక్క గదిలో వారానికి మూడు రోజులు కూర్చుని, పొడిపొడిగా రాలిపోతున్న పాత పుట్టుకల, పెళ్ళిళ్ళ పుస్తకాలను కొత్తవాటిలోకి ఎత్తి రాస్తుంది. చిలీ నుంచీ ఆస్ట్రేలియా నుంచీ మా తాతలెవరని ఎవరైనా ఉత్తరం రాస్తే జవాబు రాసేదీ ఆమే. ఫలానా ఆంతె, కీర్తిశేషుడు యూరె కొడుకు, ఆ యూరె కీర్తిశేషుడు మాతె కొడుకు. ఏడు తరాలు తడుముకోకుండా చెప్పగలదు, బియ్యంలో రాళ్ళు ఏరుతున్న మొహంతో.

ఆమె భర్త శిమున్ పెళ్ళయిన పది నెలలకి, యాభై తొమ్మిదిలో, సంతలో కంచరగాడిదని కొనుక్కొస్తానని వెళ్ళి దొంగచాటుగా దేశం సరిహద్దు దాటేశాడు. పోలీసులు రెండుసార్లు వచ్చి పెట్టెలు తిరగేశారు. ఒక్క ఉత్తరం లేదు. పుస్తకంలో మాత్రం అతని పేరు పేజీ పైన నిగనిగలాడుతూ పచ్చిగా ఉంది. పచ్చిగా ఉంది కనక ఆమె విధవ కాదు. విధవ కాదు కనక పుట్టింటి పేజీకి తిరిగి పోలేదు, మరొకర్ని కట్టుకోలేదు, కనీసం నల్లబట్ట కట్టుకుని ఏడవడానికీ లేదు. భర్త బతికున్నందుకు ఏటా ఆమెను అభినందించే ఊరది.

"అదృష్టవంతురాలివి వదినా, మా అన్న క్షేమం" అంటుంది పక్కింటి పెర్కా, శిమున్ పినతండ్రి కూతురు. ఆ మాటంటూ ప్రతి జనవరీ ఒక గ్లాసు రకియా, అదే పళ్ళ సారా, తాగుతుంది.

అతని కింద వింకా పేరు మాత్రం ఆరిపోతూ వచ్చింది. ఒక్కసారిగా కాదు, తల నెరిసినట్టు, కొస నుంచి కొంచెం కొంచెంగా. ఊరంతా చూసింది. నెరిసిన తల గురించి ఎవరు మాట్లాడతారు? కిందటి జనవరిలో ఫాదర్ కళ్ళజోడు పైకి జరుపుకుని చూసి, "ఈసారి ఆవగింజంతే మిగిలిందమ్మా" అన్నాడు.

"సరే ఫాదర్. గుడ్లు బుట్టలో పెట్టమంటారా, గడ్డిలో చుట్టమంటారా?" అంది వింకా.

ఆ ఏడాదంతా ఆమె చేయవలసినవి చేసుకుపోయింది. కోళ్ళని పెర్కాకి ఇచ్చేసింది. రాగి కాగు ఎవరికో, పెళ్ళినాటి దుప్పట్లు ఎవరికో చెప్పి ఉంచింది. దిగులు పడిందా అంటే లేదు. దిగులు పడాలంటే లోపల ఏదో ఒకటి కదలాలి కదా.

ఎనభై ఏడు జనవరిలో, తమ వీధిలో ఫాదర్ ఇళ్ళని దీవించే ముందు రోజు పొద్దున, ఆమె గదిలోకి ఒక పిల్ల వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. జీన్స్ ప్యాంటు, వీపున సంచీ, కొండ మీంచి దిగే బూరా చలిగాలికి ఎర్రబడిన ముక్కు.

"దేవుడు మేలు చేస్తాడు తల్లీ. కాస్త కుంపటి దాపున కూకోనిస్తావా?" అంది.

వింకా తలెత్తింది. ఆ పలకరింపు తన అత్తగారు పోయాక మళ్ళీ వినలేదు. జీన్స్ వేసుకున్న పిల్ల నోట్లోంచి ముసలమ్మ మాట్లాడుతోంది.

"ఎక్కడి నుంచి?"

"మెల్బోర్న్ నుంచి. నా పేరు శాండ్రా. ఈ భాష మా నాన్న దగ్గర తప్ప ఇంకెక్కడా వినలేదు. పట్నంలో రికార్డుల ఆఫీసుకెళ్ళి నా ఇంటిపేరు చెబితే నవ్వారు. అలాంటి పేరు ఏ పుస్తకంలోనూ లేదన్నారు. బస్సు డ్రైవరు మాత్రం నా మాట విని, ఇలా ఆ కొండ మీద ముసలమ్మలే మాట్లాడతారని చెప్పి ఇక్కడ దింపాడు."

"ఏం పేరు?"

"ప్రెకొసూత్ర."

వింకా కలం పక్కన పెట్టింది. "అది ఇంటిపేరు కాదు. నేనుండే ఇల్లు."

పిల్లకి అర్థం కాలేదు. గబగబా చెప్పుకుపోయింది. నాన్న పేరు శిమున్. ఇటలీలో శరణార్థుల శిబిరంలో గుమాస్తా అడిగితే ఈ పేరు చెప్పాడట. అసలు పేరు చెబితే ఇంట్లోవాళ్ళని పీడిస్తారని భయం. ఊరు ఏదంటే చెప్పడు. ఆనకట్ట కట్టి ముంచేశారంటాడు. అందరూ పోయారంటాడు.

"మునగలేదు. మాకిక్కడ తాగడానికే నీళ్ళు చాలవు" అంది వింకా.

అప్పుడే పెర్కా దీవెనల బుట్టతో లోపలికొచ్చి, పిల్లని చూసి, బుట్ట నేల మీద పెట్టేసింది. "అయ్యో దేవుడా, ఈ ముక్కు! ఇది మా ముక్కు! ఎవరమ్మా నువ్వు?"

వింకా చెప్పింది, రెండు వాక్యాల్లో. ఉత్తరానికి జవాబు రాసినట్టే.

"కూతురా!" పెర్కా గుండె మీద శిలువ గుర్తు వేసుకుంది. "వెధవ, ఉత్తరం ముక్క రాయడానికి చెయ్యి రాలేదు గానీ... ఇదిగో పిల్లా, ఈవిడెవరో తెలుసా నీకు? మీ నాన్న పెళ్ళాం. ఈ చర్చిలోనే కట్టుకున్నాడు. నేను పూలు పట్టుకున్నాను."

శాండ్రా మొహం తెల్లబడింది. "మరి మా అమ్మ?"

"ఆవిడా పెళ్ళామేలే. మధ్యలో అంత సముద్రం ఉందిగా, ఇద్దరికీ చోటుంటుంది."

"పెర్కా, గుడ్లు పగిలాయేమో చూసుకో" అంది వింకా. పిల్లవైపు తిరిగింది. "ఆయన బాగున్నాడా?"

"బాగానే ఉన్నాడు. ఆదివారాలు మనవాళ్ళతో కలిసి బంతులాట ఆడతాడు. మోకాలు నొప్పి."

"ఏ మోకాలు?"

"ఎడమది."

వింకా తల ఊపింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఈ కబురు కోసమే బతికిందని ఊరు అనుకుంది. తీరా వచ్చాక ఆమె తన లోపల వెతుక్కుంది, ఖాళీ జేబులో చెయ్యి పెట్టి తడిమినట్టు. కోపం లేదు. ఏడుపు లేదు. ఎడమ మోకాలు. అంతే.

శాండ్రా ఏడ్చేసింది. వెళ్ళిపోతానంది.

"బస్సు రేపు మధ్యాహ్నం గానీ లేదు. పద, ఆకుకూర ఉడికించి వచ్చాను, చల్లారిపోతుంది" అంది వింకా.

మర్నాడు పొద్దున్నే ఫాదర్ లోవ్రె వచ్చాడు. పవిత్ర జలం చల్లాడు, సుద్దతో రాశాడు, బల్ల మీద తెల్లగుడ్డపైన పుస్తకం తెరిచి మైనం గుడ్డ తీశాడు. వెనకే పెర్కా, రకియా గ్లాసు కోసం. పేజీ పైన శిమున్ నిగనిగలాడుతున్నాడు. కింద వింకా పేరు బూడిద రంగులో ఉంది. మొదటి అక్షరం మొదట్లో సూదిమొనంత చోట మాత్రం మెరుపు. ఫాదర్ దాన్ని చూసి, చూడనట్టు దగ్గాడు.

"ఇంటి పెద్ద?" అన్నాడు, ఏటా అడిగినట్టే.

ఏటా చెప్పే జవాబు ఒకటుంది. శిమున్, ఊళ్ళో లేడు. అతని పేరు పక్క గడిలో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉన్నదదే.

"ఊళ్ళో లేడన్నది కొట్టేయండి ఫాదర్. వెళ్ళిపోయాడు అని రాయండి."

"తేడా ఏముందమ్మా?"

"ఊళ్ళో లేనివాడి కోసం అన్నం వండి ఉంచాలి."

ఫాదర్ కలం పట్టుకుని ఆగిపోయాడు. "మరి పెద్ద ఎవరు?"

"నేను."

"ఏమిటీ చోద్యం!" పెర్కా గ్లాసు దించింది. "పచ్చిగా ఉన్న పేరుని పక్కకి నెడతారా ఎవరైనా? మగాడు బతికుండగా ఆడదాని పేరు పైన రాస్తారా? ఏ పుస్తకంలో ఉంది?"

వింకా గొంతు పెంచలేదు. "నేను ఎత్తి రాసిన పుస్తకాల్లో ఉంది. లోయలో యెలిచ్‌లు ఎవరు? యెలా అనే ఆవిడ పిల్లలు. నువ్వు పుట్టిన మీ అమ్మమ్మ ఊళ్ళో కాతిచ్‌లు ఎవరు? కాతా అనే ఆవిడ పిల్లలు. మగాడి పేరు చెప్పుకోడానికి మగాడు మిగల్లేదు, తల్లి పేరు చెప్పుకున్నారు. మూడు వందల ఏళ్ళుగా ఆ మగాళ్ళందరూ ఆ పేర్లు పెట్టుకుని మీసాలు తిప్పుతున్నారు. ఎవరికీ నామోషీ లేదు."

"వాళ్ళు విధవలు వదినా. నువ్వు కాదుగా!"

"కాదు. అయ్యుంటే ఒక ఏడాది ఏడ్చి, మిగతా ఇరవై ఏడూ బతికేదాన్ని."

బయట బూరా గాలికి గేటు గొలుసు రాయికి కొట్టుకుంటోంది. పెర్కా బల్ల మీదికి వంగి ఆ బూడిద రంగు పేరు చూసింది. ఏటా చూసినదే. ఈసారి చాలాసేపు చూసింది. తర్వాత రకియా గ్లాసు ఫాదర్ వైపు జరిపింది.

"తాగి రాయండి. చెయ్యి వణకకుండా ఉంటుంది" అంది.

ఫాదర్ రాశాడు, వెళ్ళిపోయాడు అని. ఆ మాట రాయగానే శిమున్ పేరు ఆరిపోలేదు, వెలిసిపోనూ లేదు. మెల్బోర్న్‌లో అతను బతికే ఉన్నాడు మరి. కానీ దాని కిందున్న సూదిమొనంత మెరుపు అందరూ చూస్తుండగానే ఆరిపోయింది. శాండ్రాకి నిన్న రాత్రి భోజనాల దగ్గరే పుస్తకం సంగతంతా తెలిసింది. ఆ పిల్ల వింకా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెచ్చగానే ఉంది. నాడి కొట్టుకుంటోంది.

"త్వరగా, ఫాదర్" అంది వింకా. కుర్చీ అంచు పట్టుకుంది.

ఆయన కొత్త పేజీ తిప్పి, కలం ముంచి, పైన రాశాడు. వింకా. కింద ఖాళీ వరస చూపించి, ఈ పిల్లనేం చేద్దామన్నట్టు చూశాడు.

"రాయండి. ఈ ఇంటి పిల్ల."

"నన్నెందుకు?" అంది శాండ్రా. "నేను ఆయన కూతుర్ని. మీకు నన్ను చూస్తే..."

"నిన్ను చూస్తే ఏమీ అనిపించడం లేదమ్మాయీ. ఇంకా ఏ ఒక్కటీ అనిపించడం లేదు" అంది వింకా. "కానీ రాస్తే ఆరదు. నువ్వెక్కడున్నా బతికున్నావని తెలుస్తుంది. నువ్వు ఉత్తరాలు రాయక్కర్లేదు."

"రాస్తాను" అంది శాండ్రా.

ఫాదర్ రెండో పేరు రాశాడు. రాసి, మైనం గుడ్డ తీసుకుని వెయ్యబోయి ఆగాడు. పైనున్న పేరులో సిరా ఊరుతోంది. ఆయన ముంచిన కలంలో అంత సిరా లేదు. అక్షరాల గట్లు దాటి, పేజీ అంచు దాకా వచ్చి, తెల్లగుడ్డ మీద ఒక చుక్క పడింది. ఇంకో చుక్క. పెర్కా మరక మీద చల్లడానికి ఉప్పు కోసం వంటింట్లోకి పరిగెత్తబోయింది.

"ఉండనీ" అంది వింకా. కూర్చుంది. ఆమె కళ్ళు కూడా కారుతున్నాయి. ఆమె ఇంకా గమనించుకోలేదు, అంతే.

పుస్తకం మూయడానికి వీల్లేకపోయింది. మిగిలిన ఇళ్ళు ఇంకా పన్నెండు. చివరికి ఫాదర్ లోవ్రె దాన్ని అలాగే తెరిచి, రెండు అరచేతుల మీదా పళ్ళెంలా పెట్టుకుని గాలిలోకి బయల్దేరాడు. పెర్కా ముందు నడుస్తూ గేట్లు తీసింది. కింద చెవిటోళ్ళ ఇంట్లో ముసలాయన పేజీలోకి తొంగిచూసి, ఇంత పచ్చిగా ఉందేమిటి, ఎవరి గుమ్మం ఇది అని అరిచాడు.

పెర్కా ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, ఊరంతా వినేట్టు చెప్పింది.

"వింకా వాళ్ళది!"