అరువు నాలుక

మా ఆయనకు నత్తి. 'క' దగ్గర మరీ ఎక్కువ. అక్కడికి వచ్చేసరికి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు మెడ నరాలు బిగుసుకుని, కళ్లు నా వైపు తిరుగుతాయి. నేను మాట అందిస్తాను. డాక్టరు దగ్గర, బస్సులో, అమ్మాయి బడిలో పద్దెనిమిదేళ్లుగా ఇదే నా ఉద్యోగం. ఆయన పనిచేసే కళ్లజోళ్ల షాపులో మాకు పేర్లు కూడా పెట్టారు. ఆయన సగంమాట, నేను మిగతామాట.

కొత్త సంవత్సరానికి ముందురోజు మా అమ్మాయి ఒక ఆట పెట్టింది. ఎవరి చెడ్డ అలవాటు వాళ్లకు కనపడదు కాబట్టి పక్కవాళ్లే కాగితం మీద రాసివ్వాలట. రాసిచ్చింది ఏడాదంతా మానెయ్యాలట. నేను ఆయనకు గోళ్లు కొరకడం మానమని రాసిచ్చాను. ఆయన నాకిచ్చిన కాగితంలో ఇలా ఉంది: 'నా మాట నువ్వు పూర్తి చెయ్యడం మానెయ్యి.'

రాతకు నత్తి ఉండదు కదా, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు నా నాలుక అరువిస్తే అది గోళ్లు కొరకడంతో సమానమైందా?

"అలాగే. చచ్చినా అందించను," అన్నాను.

"కో... కో..." అన్నాడు. కోపమొచ్చిందా అని అడగబోతున్నాడు. నేను అందించకుండా వంటింట్లోకి వెళ్లిపోయాను.

అప్పట్లో ఆయనకు కావలసింది ఒక్కటే. షాపులో కౌంటరు చూసే పెద్దాయన మానేస్తున్నాడు, ఆ చోటు కావాలి. పదహారేళ్లుగా మా ఆయన వెనక గదిలో గోడకేసి కూర్చుని అద్దాలు అరగదీస్తున్నాడు. ఆ అద్దాల్లోంచి మొదటిసారి చూసినప్పుడు మనుషుల మొహాలు ఎలా మారతాయో ఒక్కనాడూ చూడలేదు. అది చూడాలనుందని నాతో చెప్పడానికి ఆయనకు పూటంతా పట్టింది. నేను ఒక్క ముక్క అందిస్తే ఒట్టు. రోజూ స్నానాల గదిలో కుళాయి తిప్పి, "కౌంటర్లో నేను కూర్చుంటాను సార్," అని సాధన చేసేవాడు. ఒంటరిగా ఉంటే నత్తి రాదు మరి.

రెండో వారంలో యజమాని పిలిచాడు. మీ ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకుని రా, లేకపోతే నాకు తెల్లారిపోతుంది అన్నాడట.

యజమాని చెడ్డవాడేం కాదు. కుర్చీలు చూపించి కూర్చోమన్నాడు. "కౌంటరుకి మనిషి కావాలయ్యా. రోజుకి వందమందితో మాట్లాడాలి. నువ్వు చూస్తావా, మా మేనల్లుణ్ణి పెట్టుకోనా? నీ తర్వాతే ఎవరైనా."

"కౌ... క... క..."

కళ్లు నా వైపు తిరిగాయి. నేను గోడ మీదున్న కళ్ల పరీక్ష అట్ట మీద చివరి వరస చదవసాగాను.

"ఏమ్మా, ఏమంటున్నాడు?" అని యజమాని నన్నే అడిగాడు.

"ఆయన మాట ఆయనే చెబుతారండి. నన్ను కలగజేసుకోవద్దన్నారు."

మా ఆయన నుదుటి మీద చెమట పట్టింది. "కు... కూ..."

"కుదరదా?"

కాదు కాదన్నట్టు ఆయన తల అడ్డంగా గట్టిగా ఊపాడు. యజమాని కుదరదనే అర్థం చేసుకున్నాడు. "నేనూ అదే అనుకున్నాలే. మొహమాటపడకుండా చెప్పావు, మంచిపని చేశావు," అంటూ మేనల్లుడికి ఫోను కలిపాడు.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సంతోషమేసింది. తిక్క కుదిరింది అనుకున్నాను. ఆయన బల్ల మీది పెన్ను అందుకున్నాడు, రాసి చూపిద్దామని. అంతలో నా మొహం చూశాడు. నేను నవ్వుతున్నానేమో, నాకు తెలీదు. పెన్ను నెమ్మదిగా యథాస్థానంలో పెట్టేశాడు.

ఇంటికి రాగానే అమ్మాయి గుమ్మంలోనే పట్టుకుంది. "నాన్నా, ఇచ్చారా?"

"క..."

"ఇస్తామన్నారే. మీ నాన్నే కుదరదన్నాడు," అన్నాను చెప్పులు విప్పుతూ.

"అదేంటి నాన్నా! నిజంగా నువ్వే అన్నావా?"

ఆయన నోరు తెరిచాడు. ఈసారి నా వైపు చూడలేదు. మూసేసి లోపలికి వెళ్లిపోయాడు.

ఇది జరిగి ఏడు నెలలైంది. ఇంట్లో ఆయన ఒక్క మాటా మొదలుపెట్టలేదు. మొదట్లో బెట్టు చేస్తున్నాడనుకున్నాను, రెండో నెలలో తిట్టాను, నాలుగో నెలలో ఏడ్చాను. నిన్న అన్నం తింటూ మధ్యలో చెయ్యి ఆపి గోడకేసి చూస్తున్నాడు. ఏదో అనాలనుకుంటున్నాడని ఆశపడి, నాకు తోచిన మాటలన్నీ అందించాను.

"ఉప్పు తక్కువైందా? నడుం నొప్పా? పనిలో ఎవరైనా ఏమన్నా అన్నారా? నా మీద పగా? పగే కదా? పోనీ తలైనా ఊపండి."

తల కూడా ఊపలేదు. మిగిలిన రెండు ముద్దలూ తిని, కంచం తీసుకుని లేచాడు.