ఉగ్గుగిన్నె మీద గెలిచిన చెంచా

నేను ఒక చిన్న స్టీలు చెంచాను. తక్కువ అంచనా వేయకండి. పెద్ద గరిటెలకు కోయగా మిగిలిన రేకుముక్కలోంచి పుట్టి, టీపొడి పొట్లంతో ఉచితంగా అనకాపల్లి చేరాను. అక్కడ వరహాలమ్మగారి వంటింట్లో కొన్నాళ్లు ఇంగువ డబ్బాలో, కొన్నాళ్లు వాము సీసాలో కాపురం చేశాను. ఊరికే వచ్చినదాన్ని ఎక్కడ పడేసినా పడి ఉంటుందని మనుషుల నమ్మకం. పడే ఉన్నాను.

ఆ ఇంటి మహారాణి వెండి ఉగ్గుగిన్నె. మనవరాలు హంసినికి అన్నప్రాశన కాగానే అది బీరువాలోంచి దిగింది. వరహాలమ్మగారు కాళ్లు చాపుకుని, పాపను వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, గిన్నె ముక్కులోంచి పల్చటి రాగిజావ నోట్లో పోసేవారు. ఒక గుక్క మింగేలోపు ఇంకో గుక్క దిగేది. పాపకు పొలమారేది. ఆవిడ మాడు మీద తట్టి, "ఎవరో తలుసుకుంతన్నారే నిన్ను!" అని మురిసిపోయేవారు. అంతగా తలుచుకునేవాళ్లు ఆ పసిదానికి ఎవరున్నారో నాకైతే అర్థం కాలేదు.

కొన్నాళ్లకు దగ్గు పట్టుకుంది. రొమ్ములో ఒకటే గురగుర. డాక్టరమ్మ మందు తగ్గించిన దగ్గును జావ మళ్లీ తెచ్చేది.

"ఈ తిండి పడ్డం లేదమ్మా నీలవేణీ. ఏడాది నిండేదాకా పాలే పట్టు" అని వరహాలమ్మగారు కోడలికి తేల్చి చెప్పారు. పెడితే దగ్గు, మానితే నీరసం. పాప అప్పటికే చిక్కిపోయింది.

ఒక మధ్యాహ్నం నీలవేణి పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం తింటోంది. హంసిని కంచంలో చెయ్యి పెట్టి, మెత్తటి పప్పన్నం కాస్త నాకి మింగేసింది. దగ్గలేదు! నీలవేణి అన్నం వదిలేసి, పాపను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

"పడుకోబెట్టి పోస్తున్నారా? జావ ఊపిరి దారిలోకి పోతోంది. నిటారుగా కూర్చోబెట్టి, చిక్కగా, చెంచాతో పెట్టండి" అంది డాక్టరమ్మ, జరిగిందంతా విని.

ఇంట్లో పాప నోటికి పట్టే చెంచా ఏది? నేనే! వాము దులిపి, మరిగే నీళ్లలో నాకు స్నానం చేయించారు. పట్టాభిషేకమంటే అదే కదా.

"కూసోబెడితే మెడ నిలుస్తాదేటి?" అన్నారు వరహాలమ్మగారు, రొమ్ము మీద చెయ్యి వేసుకుని.

"నిలుస్తుంది అత్తయ్యా, చూడండి."

చిక్కటి జావతో పాప నోట్లోకి వెళ్లాను, ఖాళీగా వచ్చాను. మళ్లీ వెళ్లాను. దగ్గు లేదు. కొద్దిరోజుల్లో గురగుర పోయింది, బుగ్గలు వచ్చాయి. ఆనందం పట్టలేకపోయాను.

ఒకరోజు వరహాలమ్మగారు పాప వీపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నారు. కళ్లు తుడుచుకుని, "ఇలా తే అమ్మా, నేను పెడతాను" అన్నారు. పాపను నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టుకుని నన్ను నోటికి అందించారు. హంసిని కొత్తగా మొలిచిన రెండు పళ్లతో నన్ను కరిచి పట్టుకుంది. ఆవిడ ఎంత లాగినా వదల్లేదు.