తాయెత్తులో ఎండిన బొడ్డు

నా కూతురు జ్యోతిక పుట్టిన రోజే ఆ రక్తం పోయింది. పాప ఏడవలేదు. అందరూ పాప చుట్టూ చేరారు. మాయ, బొడ్డుతాడు, అందులోని రక్తం బకెట్లో పడ్డాయి. వాటి గురించి ఎవరికీ ధ్యాస లేదు.

ఊపిరి అందక మెదడు దెబ్బతిన్నదన్నారు. ఎనిమిది నెలలైనా మెడ నిలవలేదు. బడికి సెలవు పెట్టి, వారం వారం మా ఊరు గుడియాత్తంలోనే వ్యాయామం చేయించే సుగంతి దగ్గరికి తీసుకుపోతున్నాను. పాపను బోర్లా వేసి తల ఎత్తించడం ఈ మంగళవారం నేర్పిస్తానంది.

ఆ మంగళవారం పొద్దున మా అత్త చెంగమ్మ వాకిలికి అడ్డం నిలబడింది.

"ఈపొద్దు సుగంతి వద్దు. వేలూరికి పోదాం. బొడ్డుతాడుతో మెదడు బాగుచేస్తారంట. పక్కింటి లోగనాథన్ ఫోన్లో చూపించినాడు."

"తాడుతో కాదత్తా, దాంట్లో రక్తంతో. పుట్టినప్పుడే పట్టి, గడ్డకట్టే చలిలో దాచిపెట్టుండాల."

"నేను దాచిపెట్టినాను కదా!"

పాప మొలతాడుకున్న వెండి తాయెత్తును చూపించింది. రాలిన బొడ్డును ఎండబెట్టి అందులో పెట్టడం మా మగ్గాల ఇళ్ళలో ఆచారం. బిడ్డకు జబ్బు చేస్తే అరగదీసి నాలుకకు రాస్తారు.

"అది ఎండిన తోలత్తా. దాంట్లో ప్రాణం లేదు."

"పాఠాలు బళ్ళో చెప్పు టీచరమ్మా."

మగ్గం ముందు నుంచి నా భర్త శేషాద్రి లేవలేదు. "ఒకసారి పోయి రాండి. లేకుంటే అమ్మ ఊరుకోదు," అన్నాడు. నేను వాదించడం మానేసి పాపను ఎత్తుకున్నాను.

వేలూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎదుట మా అత్త తాయెత్తు విప్పి, మూతను పిన్నీసుతో ఊడదీసింది. నల్లటి ముక్క బల్ల మీద పడింది.

"కల్తీ లేదమ్మా. నేనే ఎండబెట్టినాను."

డాక్టరమ్మ నవ్వలేదు. నేను చెప్పిందే తమిళంలో చెప్పింది. అలా చలిలో దాచిన రక్తంతో చేసే వైద్యం కూడా ఇంకా ప్రయోగాల్లోనే ఉందని, ఏ బిడ్డకు పని చేస్తుందో ఇప్పుడే చెప్పలేమని అంది. "వ్యాయామం మాత్రం ఆపొద్దు, అవ్వా."

"మీరిద్దరూ ముందే మాట్లాడుకున్నారా?" అని అత్త నన్ను నిలదీసింది.

తిరుగు బస్సు పళ్ళికొండ దాటుతుంటే మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇంకో ఆస్పత్రి యాడైనా ఉండాదేమో చూడు."

"లేదత్తా."

"చూడకుండానే లేదంటావే!"

పాప తల నా మోచేతి మీద నుంచి వాలిపోతుంటే, అత్త మాట ఆపకుండానే అరచెయ్యి ఆనించింది.

మేము చేరేసరికి సుగంతి గదికి తాళం వేసి ఉంది. ఆమె మళ్ళీ వచ్చే మంగళవారమే వస్తుంది. పాపతో తల ఎత్తించడం నాకు ఇంకా ఎవరూ నేర్పలేదు.