బకెట్లో వచ్చిన మొండిపూత

ఆ పొదకు మొండిపూత అని పేరు పెట్టిన మహానుభావులెవరో గానీ, సరిగ్గానే పెట్టారు. మంచి మట్టిలో నాటి, ఎరువేసి, ముద్దు చేశారనుకోండి, చచ్చి ఊరుకుంటుంది. ఊరి వెనక కొండకు ఎండ తగలని వైపు, పిడికెడు మట్టయినా లేని రాతి పగుళ్ళలో వేళ్ళు దించుకుని, పొద్దున్నే దిగే మంచు తాగి బతుకుతుంది. నడుమెత్తు పొద, బూడిదరంగు ఆకులు, గంటల్లాంటి నీలం పూలు. ఆ కొండ తప్ప దానికి వేరే పుట్టిల్లు లేదు.

ఒకప్పుడు ఆ వైపంతా అవేనట. రాయి కొట్టేవాళ్ళు వచ్చారు, రాళ్ళతో పాటే పొదలూ పోయాయి. చివరికి దిగువన ఒకటి, పైన ఒకటి మిగిలాయి. ఊరంతా నర్సరీ అక్క అని పిలిచే ఆవిడ, దిగువ పొద కొమ్మలు కత్తిరించి తెచ్చి, గులకరాళ్ళలో గుచ్చి, కళ్ళలో వత్తులేసుకుని కాపాడి, షెడ్డు నిండా మొక్కలు చేసింది. మరుసటి వర్షాలకు కొండ చరియ విరిగి ఆ దిగువ పొద కాస్తా పోయింది. పోతే పోయింది, పిల్లలు నా దగ్గరున్నాయి కదా అనుకుంది పాపం.

పిల్లలు పూశాయి. ఒక్క కాయ కాయలేదు. మరుసటి ఏడూ అంతే. అప్పుడు గాని ఆమెకు తెలిసి రాలేదు. ఎన్ని కుండీలున్నా అవన్నీ ఒకే తల్లి కొమ్మలు, అంటే అదంతా ఒక్క మొక్కే. మొండిపూతకు తన పుప్పొడి తనకు పనికిరాదు. వేరే పొదది కావాలి. కొండ మీద మిగిలిన ఆ పై పొద తప్ప ఇంక దిక్కు లేదు. ఈసారి పూత రాగానే పుప్పొడి అద్ది తేవడానికి కుంచె పట్టుకుని కొండెక్కుదామని ఆమె రోజులు లెక్కపెట్టుకుంటూంటే, రోడ్డు వచ్చి పడింది. కొండ తవ్వే బండి నడిపేది ఎవరనుకున్నారు? సొంత తమ్ముడే.

"ఒరేయ్, ఆ పైన పొద జోలికి మాత్రం పోకురా. నీకు పుణ్యముంటుంది" అంది, వాడికి అన్నం వడ్డిస్తూ.

"నేనాపితే రోడ్డు ఆగుతుందా అక్కా? నేను దిగితే ఇంకొకడెక్కుతాడు. ఆ పొద సంగతి నాకొదిలెయ్. దాని మీద ఈగ వాలనివ్వను, సరేనా?"

వాడు మాటంటే మాటే. అందుకే ఆమె నిశ్చింతగా ఉంది. పొదను కదిలిస్తే చస్తుందని ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది. కదిలించాలన్న ఆలోచన వాడికి వస్తుందని తడితే కదా చెప్పడానికి!

షెడ్డులో మొగ్గలు విచ్చే వేళకి, ఓ మధ్యాహ్నం బండి వచ్చి నర్సరీ గేటు ముందు ఆగింది. మట్టి తోడే దాని బకెట్లో తడి గోనెసంచి చుట్టిన మొండిపూత.

"ఇదిగో, పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాను!" అన్నాడు తమ్ముడు. "బండితో తాకనే లేదు తెలుసా? గునపంతో చుట్టూ నేనే తవ్వాను. సూపర్‌వైజర్ తిట్టిన తిట్లకి చెవులు చిల్లులు పడ్డాయనుకో."

ఆమె గోనె విప్పింది. రాతిలోకి దిగిన తల్లివేరు మొదట్లోనే తెగిపోయి ఉంది. తలెత్తి, తిట్టడానికి నోరు తెరిచింది. వాడి చేతులు చూసింది. వేళ్ళ కణుపుల దగ్గర తోలు లేచిపోయి, నెత్తురు ఎండిపోయి ఉంది. ఆ చేతుల్ని చూశాక ఏమని తిడుతుంది?

"నా బంగారం" అంది. గబగబా షెడ్డులోకి పోయి, కుండీల వెనక కూర్చుని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.

రాళ్ళు పేర్చి పొదను నిలబెట్టింది. పొద్దున్నే మంచులా నీళ్ళు చిలకరించింది. దాని కొమ్మలు కత్తిరించి గులకరాళ్ళలో గుచ్చితే ఒక్కటీ వేరు పట్టలేదు. ఆకులు రాలడం ఆగలేదు. ఉన్నట్టుండి ఒకరోజు, ఆకు కనపడకుండా పూసింది. తమ్ముడు గేటు దగ్గర్నుంచే కేకలు.

"అక్కా! బతికిందే! ఎలా విరగబూసిందో చూడు!"

పోయే మొక్క అలాగే పూస్తుందని ఆమెకు తెలుసు. అయినా ఆశ చావదు కదా. కుంచెను ఒక పువ్వులో దూర్చి తీసింది. ఏమీ అంటలేదు. ఇంకో పువ్వు, ఇంకో కొమ్మ. కుంచె కడిగినట్టుంది. నీళ్ళందని పొద పూలైతే పూసింది గానీ, వాటిలో పుప్పొడి కట్టలేదు. అంతే. మొండిపూత వంశం అక్కడితో సరి.

తమ్ముడు అప్పటికే చొక్కా చేతులు మడిచి, షెడ్డులోంచి ఒక కుండీ ఎత్తుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. మొహం వెలిగిపోతోంది.

"కానియ్యక్కా. నేనందిస్తుంటాను, నువ్వు రాస్తుండు. వచ్చే ఏడు కాయలే కాయలు!"

కాయలు కాయవని వాడికెలాగూ ఒకరోజు తెలుస్తుంది. ఇవాళే తెలియాలా? ఆమె ఉత్త కుంచెను పొదలో ఒకసారి ముంచి, కుండీలోని మొదటి పువ్వుకు మెల్లగా రాసింది. తర్వాత రెండోదానికి. వాడు ఆ కుండీ తీసి ఇంకోటి పెట్టాడు.

"ఒక్క పువ్వు కూడా వదలకే" అన్నాడు.

"వదలన్రా" అంది.