సూదిమొనంత కన్నం

మా ఆయన వడ్రంగి. అయినా మా వీధిలో ఎవరికి వేలు నొప్పెట్టినా ముందు ఆయన దగ్గరికే వస్తారు. వేళ్ల డాక్టరు అని ఎవరో ఎగతాళికి పేరు పెడితే, ఆయన దాన్ని నిజమనుకుని నెత్తిన పెట్టుకున్నారు.

ఉన్నమాట చెప్పాలి కదా, ఆయన చెప్పింది చాలాసార్లు పనిచేసేది కూడా. తలుపు సందులో నలిగిన వేలికి చల్లటి తడిగుడ్డ చుట్టి చెయ్యి పైకెత్తి పెట్టుకోమనేవారు. బంతి తగిలి బెణికిన వేలిని పక్క వేలితో కలిపి కట్టేవారు. గోరు పక్కన ఎర్రబడి సలుపుతుంటే గోరువెచ్చని ఉప్పునీళ్లలో ముంచమనేవారు. చీము పడితే మాత్రం డాక్టరు దగ్గరికి తోలేవారు. రోజంతా చెక్కల మీద గరుకు కాగితం రుద్ది రుద్ది నా నడిమి వేలు పొద్దున్నే ముడుచుకుపోయేది, లాగితే టక్కుమని తెరుచుకునేది. దానికి ఆయనే సన్నటి బద్ద కట్టి, కొన్నాళ్లు ఆ చేత్తో పని ముట్టుకోవద్దన్నారు. తగ్గింది. అదే మా కొంప ముంచింది. ఆయన చెయ్యి పడ్డాక తగ్గని వేలు ఉండదని ఇంటిల్లిపాదీ నమ్మేశాం.

ఆ నమ్మకం బాగా ముదిరినవాడు మా తమ్ముడు. మా కార్ఖానాలో రంగులు వేసేది వాడే. బీరువాలకూ మంచాలకూ గన్నుతో రంగు కొట్టడం ఒక ఎత్తు, ఆ తర్వాత సన్న కుంచెతో అంచుల వెంట వాడు గీసే తీగలు ఒక ఎత్తు. కొలబద్ద పెట్టడు, గీత కొట్టుకోడు. కుడి చూపుడు వేలు చెక్కకు ఆనించి ఒక్క ఊపిరిలో లాగేస్తాడు. ఆ తీగలు చూసే జనం మా కార్ఖానా వెతుక్కుంటూ వచ్చేవారు. వాడికి కూడు పెట్టేది ఆ వేలే.

మా పాత గన్ను గాలితో నడిచేది. దాని మూతి పూడుకుపోతే వేలితో తుడిచి, రంగు వస్తోందో లేదో ఆ వేలి మీదే చూసుకోవడం మావాళ్లందరికీ అలవాటు. వేలికి కాస్త రంగు అంటేది, అంతే. ఇప్పుడు కొత్త గన్ను వచ్చింది. ఇందులో గాలి లేదు, రంగునే మోటారు విపరీతమైన ఒత్తిడితో తోస్తుంది. మోటారు ఆపినా గొట్టంలో ఆ ఒత్తిడి అలాగే నిలిచి ఉంటుందని మాకెవరికీ తెలియదు. గన్ను మార్చుకున్నారు గానీ అలవాటు మార్చుకోలేదు.

ఆ ఉదయం మూతి పూడుకుంది. తమ్ముడు బుద్ధిగా మోటారు ఆపాడు. గన్ను ఎడమచేతిలోకి మార్చుకుని కుడి చూపుడు వేలితో మూతి తుడిచాడు. మీట కొంచెం నొక్కుకున్నట్టుంది. చుర్రుమందని చెయ్యి విదిలించుకుంటుంటే నేను పరుగెత్తాను. వేలి కొసన సూదిమొనంత కన్నం, ఒక్క చుక్క నెత్తురు లేదు. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదక్కా అని నవ్వాడు. నాకు మాత్రం మనసు కీడు శంకించింది. నెత్తురు రావాల్సిన చోట తెల్లరంగు బొట్టుగా నిలిచింది. తుడిచాను, మళ్లీ వచ్చింది.

ఆస్పత్రికి పదమన్నాను. బావా బావమరుదులిద్దరూ ఒకటై నన్ను ఆటపట్టించారు. ముల్లు గుచ్చుకుంటే ఆపరేషన్ చేయించే రకం మీ అక్క అని ఆయన, అందుకేగా బావా నీ జుట్టు ఊడింది అని వీడు. ఒళ్లు మండి నా పని నేను చూసుకున్నాను, కానీ చూపు మాటిమాటికీ ఆ వేలి మీదికే పోయింది.

మధ్యాహ్నానికి వేలు ఉబ్బి బిర్రబిగిసింది. తమ్ముడి నవ్వు ఆగిపోయింది. తీగ గీద్దామని కుంచె పట్టుకోబోతే జారి కింద పడింది. మా ఆయన వేడినీళ్ల కాపడం మొదలెట్టారు. లోపలి రంగు బయటికి రావాలని వేలిని మొదలు నుంచి కొసదాకా పిండారు. వాడు పళ్లబిగువున ఓర్చుకున్నాడు. కన్నంలోంచి ఏమీ రాలేదు, వాపు మాత్రం అరచేతికి పాకింది.

"ఇంకాస్త ఓర్చుకోరా. వేడికి అదే కరుగుతుంది," అన్నారాయన.

వేలి కొస పాలిపోతోంది. పట్టుకుంటే, అంత కాపడం పెట్టినా చల్లగా తగిలింది.

"మీ వైద్యం ఇక చాలండీ. వాడి వేలు మీకు ఆటబొమ్మ కాదు," అన్నాను.

ఇంతమందికి నయం చేసినవాణ్ణి నాకు చెబుతావా అని ఆయన లేచారు. నేను గిన్నెలో వేడినీళ్లు తీసుకెళ్లి వాకిట్లో పారబోశాను. తమ్ముణ్ణి రెక్క పట్టుకుని లేపి బండెక్కించాను. ఆయన గొణుక్కుంటూ వెనకాలే ఎక్కారు.

దారంతా వాడు మూలుగుతూనే ఉన్నాడు. ఆస్పత్రి వరండాలో బల్ల మీద పిలుపు కోసం కూర్చున్నాం. ఎంతసేపటికీ పిలవరే అని నేను తిట్టుకుంటూ ఉండగా ఉన్నట్టుండి మూలుగు ఆగింది. తిరిగి చూస్తే వాడి ముఖం తేటగా ఉంది.

"నొప్పి పోయింది బావా. నీ కాపడం పనిచేసినట్టుంది," అన్నాడు.

ఆయన నా వైపు చూసిన చూపు చూడాలి. నేను కూడా బతికిపోయాంరా భగవంతుడా అనుకున్నాను. అనవసరంగా నోరు పారేసుకున్నానే అని సిగ్గు కూడా వేసింది. ఇంటికి పోదామా అని ఆయన లేవబోతుండగా లోపలికి పిలిచారు.

డాక్టరమ్మకు తమ్ముడు జరిగిందంతా హుషారుగా చెప్పాడు. గన్ను మాట వచ్చేసరికి ఆవిడ రాయడం ఆపి, ఎప్పుడు జరిగిందని అడిగింది. పొద్దున అన్నాం. కాపడం పెట్టారా, పిండారా అని అడిగింది. మా ఆయన తలూపారు. ఇలాంటిది పైకి ఎంత చిన్నగా కనిపించినా వెంటనే వేలికి కోత పెట్టి లోపలి రంగంతా కడిగెయ్యాలనీ, పిండితే అది ఇంకా లోపలికి పోతుందనీ చెప్పింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

సూదితో గుచ్చి చూస్తానంటూ వాణ్ణి అటు తిరగమంది. తమ్ముడు గోడకేసి తిరిగి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నేను వాడి భుజం పట్టుకున్నాను.

"ఏ చేత్తో పని చేస్తాడమ్మా?" అని ఆవిడ నన్ను మెల్లగా అడిగింది.

కుడిచేత్తోనే అన్నాను. మా ఆయన పక్కన ఉన్న కుర్చీలో కూలబడ్డారు.

"గుచ్చండి డాక్టరుగారూ, నేను ఓర్చుకుంటాను," అన్నాడు తమ్ముడు.

అప్పటికే సూది వాడి వేలిలో ఉంది.