కొంగున కట్టిన గాలి

మైపాడు చెంచులక్ష్మి రోజూ పొద్దున్నే సముద్రం ఒడ్డుకు పోయి, వక్కాకు కట్టుకున్నంత మామూలుగా కొంగున గాలి కట్టుకొచ్చేది. కళ్ళాల కాలంలో విడవలూరు రైతులు ఆమె కోసం కాచుకోనుండేవాళ్ళు. గాలి పడిపోయి తూర్పారబట్టడం ఆగిందంటే ఆమె వచ్చి ముడి విప్పేది. తాలు అటు, వడ్లు ఇటు. ఎంత పనిమంతురాలనుకున్నారు!

పంతొమ్మిదొందల అరవై ఒకటో ఏడు, ఫాల్గుణంలో, ఆమె విడవలూరికి నడిచిపోతావుంటే దారికడ్డంగా గడ్డిబండి ఇరుసు విరిగి పడుంది. దానెనక టాక్సీ. డ్రైవరు మదార్, ఆపితే మళ్ళీ స్టార్టు కాదని ఇంజను ఆడుతుండగానే దిగి, బండివాళ్ళకు సాయం పోయినాడు.

కార్లో కామాక్షమ్మ, నెల్లూరు ఆసుపత్రి నుంచి తీసుకొస్తున్న కోడలు ఆదిశేషమ్మ, పసిబిడ్డ ఉన్నారు. ముందు కాన్పులు రెండూ పోయినాయి, దక్కింది ఈ ఆడబిడ్డే. బాలింతకు గాలి తగలకూడదని అత్త అద్దాలన్నీ ఎత్తి, సందుల్లో పాతచీర పేలికలు కుక్కింది.

చెంచులక్ష్మిని చూడగానే లోపల్నించే కేకేసింది.

"దగ్గరికి రాబాకమ్మే! నీ కొంగులో గాలుండాది. నా కోడలికి సన్నిపాతం తెప్పిస్తావా ఏంది?"

"రాన్లే పెద్దమ్మా," అని నవ్వి, చెంచులక్ష్మి దూరంగా కూచుంది.

కాసేపటికి కార్లో మాటలు ఆగినాయి. బిడ్డ ఏడుపూ ఆగింది.

"అలిసిపోయి నిద్రపోయినారు, పాపం," అన్నాడు మదార్.

చెంచులక్ష్మికి మనసొప్పలేదు. పోయినేడు కావలి దగ్గర, ఇంజను ఆడుతున్న లారీలో పడుకున్న ఇద్దరు మళ్ళీ లేవలేదు. గాలి సోకిందన్నారు జనం. ఏ గాలో ఒక్కరూ అడగలేదు. ఆమె లేచి కారు దగ్గరికి పోయి అద్దానికి చెయ్యి ఆనించింది.

"నిద్ర కాదు మదారన్నా! లోపల గాలి చచ్చిపోయుండాది!"

తలుపు లాగి ముడి విప్పేసింది. సముద్రపు గాలి హోరున దూరి పేలికలన్నీ ఎగరగొట్టింది. మదార్ ఇంజను ఆపి, కారు కిందికి వంగి చూసినాడు.

"యా అల్లా! సైలెన్సరు పగిలి పొగంతా లోపలికే ఎక్కింది!"

అందరూ కలిసి ముగ్గురినీ బయటికి దించినారు. కోడలు దగ్గింది. అత్త కళ్ళు తెరిచింది. బిడ్డ మాత్రం కదల్లేదు.

కామాక్షమ్మ ఒక్క మాట తిట్టలేదు. బిడ్డను తీసి చెంచులక్ష్మి ఒళ్ళో పెట్టింది.

"ఇంకొంచెం ఉండాదా తల్లీ, గాలి?"

చెంచులక్ష్మి కొంగు మొత్తం దులిపింది. బిడ్డ ఒక్క తుమ్ము తుమ్మి, గడ్డిబండి ఎద్దులు బెదిరేట్టు ఏడుపు లంకించుకుంది.