గురువారం ఎవరిది?

మా ఆయన చెవులు భేషుగ్గా ఉన్నాయి. ఊరికే అనడం లేదు, నేనే పరీక్ష చేశాను. పెళ్ళయిన కొత్తలో సరదాపడి నేను పనిచేసే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. వినికిడి గదిలో కూచోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, అందరికీ చెప్పినట్టే చెప్పాను, "వినబడితే చెయ్యెత్తండి" అని. ఉందా లేదా అన్నంత సన్నటి చప్పుడుకి కూడా చెయ్యెత్తాడు. అలాంటి మనిషికి పక్క గదిలోంచి "వానొచ్చేలా ఉంది, ఆ బట్టలు కాస్త తీయండి" అంటే వినబడదు. "అత్తయ్య పిలుస్తోంది చూడండి" అంటే వినబడదు. పక్కింటి వాళ్ళు కొత్త కారు కొంటున్న సంగతి మాత్రం గోడ అవతల గుసగుసలాడుకున్నా వినబడుతుంది.

ఆ రోజూ అంతే, బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. వంటింట్లో తాడు కట్టి ఆరేస్తుంటే గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు రోజులు మార్చుకోవాలి" అన్నాడు.

రోజులంటే ఉద్యోగం రోజులు. మాది ఒక ఉద్యోగానికి ఇద్దరం. ఒకటే కుర్చీ, ఒకటే సొరుగు, తెల్లకోటు తగిలించుకోవడానికి ఒకటే మేకు. సోమ, మంగళవారాలూ బుధవారం మధ్యాహ్నం దాకానూ నేను. అక్కణ్ణించి శుక్రవారం సాయంత్రం దాకా అక్క. సొంత అక్క కాదు, నాకంటే పెద్దది కాబట్టి అక్క. పూర్తి ఉద్యోగం చేస్తే ఇల్లెవరు చూస్తారని ఇద్దరిళ్ళలోనూ అన్నారు కాబట్టే సగం సగం పంచుకున్నాం. ఆసుపత్రిలో మమ్మల్ని ముందువారమ్మ, వెనకవారమ్మ అంటారు.

అత్తయ్యకి పక్షవాతంతో ఎడమపక్క పడిపోయింది, అప్పట్నించీ మా ఇంట్లోనే ఉంటోంది. మా ఆసుపత్రిలోనే, కింది అంతస్తులో, కాలూ చెయ్యీ ఆడించే వ్యాయామాలు చేయిస్తున్నారు. సోమ, మంగళవారాలు ఇచ్చారు. రెండు వారాలుగా సెలవులు పెట్టి నేనే తీసుకెళ్తున్నాను. బుధవారం నేను వచ్చేదాకా పనమ్మాయి ఆవిడ దగ్గర కూచుంటుంది. చక్రాల కుర్చీలో కూచోబెట్టిన ప్రతిసారీ ఆవిడ నా వెనక్కి చూసి, "వాడు రాలేదా?" అంటుంది. "ఆఫీసు అత్తయ్యా" అంటాను. సరే అన్నట్టు తలూపి కళ్ళు మూసుకుంటుంది.

"గురు, శుక్రవారాలు నేను ఇంట్లోంచే పనిచేస్తాను కదా. ఆ రెండు రోజులూ నువ్వు వెళ్ళు, ఇల్లు నేను చూసుకుంటాను. సోమ, మంగళవారాలు నువ్వు అమ్మ దగ్గర ఉండు" అన్నాడు మా ఆయన.

ఎంత సబబుగా ఉందో! తడి చీర పిండుతూ నేను కూడా తలూపాను. ఇల్లు చూసుకోవడం అంటే ఆయన లెక్కలో ఇల్లు ఎక్కడికీ పారిపోకుండా చూడడం. అయినా ఆయన చెప్పే విషయాలన్నీ అలాగే ఉంటాయి, కాదనడానికి సందు దొరకదు. అన్నీ ముందే ఆలోచించి, నేను చెయ్యాల్సింది మాత్రం నాకు వదిలేస్తాడు. ఈసారి నేను చెయ్యాల్సింది అక్కని ఒప్పించడం.

మా ఇద్దరికీ బుధవారం మధ్యాహ్నం పండగలాంటిది. నేను డ్యూటీ దిగే వేళకి అక్క వచ్చేది, ఫ్లాస్కులో కాఫీ తెచ్చేది. ఒక్క కుర్చీ కాబట్టి ఒకళ్ళం కుర్చీలో, ఒకళ్ళం పరీక్ష గది గడప మీద. ఏ పిల్లకి ఏ చెవి మందగించింది, ఏ తాతగారు యంత్రం పెట్టుకోనని మొండికేస్తున్నారు, అన్నీ అప్పగింతలు. మధ్యలో మా ఆయన చెవుల గురించి చెబితే పడీపడీ నవ్వేది. వాళ్ళాయన గురించి ఆవిడ ఏమీ చెప్పేది కాదు. చెప్పుకోడానికి ఏ లోటూ లేదేమో అనుకునేదాన్ని.

ఆ బుధవారం అడిగాను.

"కుదరదమ్మాయ్" అంది.

"ఎందుకక్కా?"

"కుదరదు, అంతే."

ఇంటికెళ్ళి చెబితే మా ఆయన నవ్వాడు. "అడగడం నీకు చేతకాదు. నేనైతే రెండు నిమిషాల్లో తేల్చేవాణ్ణి" అన్నాడు. మరుసటి బుధవారం మళ్ళీ అడిగాను, అత్తయ్య పరిస్థితి వివరంగా చెప్పాను. ససేమిరా అంది. కారణం చెప్పదు, కాఫీ పోస్తుంది. "సగం ఉద్యోగానికి ఇంత రాద్ధాంతమా? మానెయ్ పోనీ" అన్నాడు మా ఆయన. మానెయ్ అన్న మాట ఆయన నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో! పొద్దున్నే ఆ గదికి చేరాక, మొదటి మనిషి లోపలికి రాకముందు నేను ఒక్క నిమిషం లోపల తలుపేసుకుని కూచుంటాను. గోడలకి స్పాంజి అంటించిన గది, చీమ చిటుక్కుమనదు. ఎవరూ పిలవరు, కుక్కరు కూత వినబడదు. నా బతుకులో నాదైన నిమిషం అదొక్కటే. అది పోతుందేమోనన్న భయంతో మూడో బుధవారం అక్క మీద ఒంటికాలి మీద లేచాను.

"మీకేం అక్కా! పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. మంచాన పడ్డవాళ్ళు లేరు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఏ రోజైతే ఏమిటి మీకు?"

అక్క ఫ్లాస్కు మూత బిగించింది. నా కప్పులో ఇంకా పొయ్యనే లేదు. ఆ తర్వాతి బుధవారం నుంచి ఫ్లాస్కు రాలేదు. అక్క కాస్తా మేడమ్ అయింది. అప్పగింతలు రెండు ముక్కల్లో అయిపోయేవి. సంగతి పెద్ద డాక్టరు గారి దాకా వెళ్ళింది. "మీ రోజులు మీరే తేల్చుకోండమ్మా. ఈ నెలాఖరుకి తేలకపోతే వారమంతా రాగలిగిన మనిషిని వేరే చూసుకుంటాను" అన్నారు. వారమంతా నేను రాలేను, అక్కా రాలేదు. అంటే ఇద్దరికీ పోతుంది.

"రేపు గురువారమే కదా, నేరుగా వెళ్ళి కూచో. కూచున్నాక ఎవరు లేపుతారు?" అన్నాడు మా ఆయన.

వెళ్ళాను. అత్తయ్యకి ఒళ్ళు తుడిచి, అన్నం గిన్నె మంచం పక్కన మూతేసి పెట్టి, చెప్పాల్సినవన్నీ ఆయనకి చెప్పి, ఆయన వింటున్నాడో లేదో చూడకుండా వెళ్ళి కుర్చీలో కూచున్నాను. లోపలి గదిలో నా నిమిషం కూడా తీసుకోలేదు, లేస్తే కుర్చీ పోతుందేమోనని. సిగ్గులేని పని, కానీ చేశాను. అక్క వచ్చింది. సంచి భుజాన అలాగే ఉంచుకుని గుమ్మంలో నిలబడింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, వెనక్కీ వెళ్ళలేదు.

ఇంతలో మూడేళ్ళ పిల్లనెత్తుకుని ఒక తల్లి వచ్చింది. పిల్లకి ఇంకా మాటలు రాలేదట.

చిన్నపిల్లల పరీక్షకి నిజానికి ఇద్దరుండాలి. పరీక్ష గది అద్దానికి ఇవతల యంత్రం దగ్గర ఒకళ్ళు, లోపల పిల్ల పక్కన ఒకళ్ళు. చప్పుడు వినబడగానే పిల్ల రంగు బిళ్ళ తీసి డబ్బాలో వెయ్యాలి. మేం ఎప్పుడూ ఒక్కళ్ళమే కాబట్టి లోపల తల్లినే కూచోబెట్టేవాళ్ళం. తల్లులు ఊరుకోలేరు పాపం, ఇప్పుడెయ్యమ్మా అని కళ్ళతో చెప్పేస్తారు, పరీక్షంతా తప్పుతుంది. ఈ రోజు అక్క నాకేసి చూడకుండానే సంచి కింద పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికెళ్ళింది. నేను యంత్రం తిప్పాను. అక్క మొహంలో ఏమీ కనబడనివ్వకుండా కూచుంది. చప్పుడు పంపాను. పిల్ల బిళ్ళ వేసింది. తగ్గించాను, వేసింది. ఇంకా తగ్గించాను, తల ఒక పక్కకి వాల్చి విని మరీ వేసింది. ఇద్దరం కలిసి ఒక్క పని చెయ్యడం అదే మొదటిసారి. ఎంత బాగా చేశామో!

"చెవులు చక్కగా ఉన్నాయమ్మా. మాటల సంగతి పెద్ద డాక్టరు గారు చూస్తారు" అన్నాను.

"మరి ఇంట్లో పిలిస్తే పలకదేమండీ? గొంతు పోయేలా పిలుస్తాను" అంది తల్లి.

నేను ఏదో సర్దిచెప్పి పంపించాను. వెనక్కి తిరిగి చూస్తే అక్క లోపలే ఉంది, పిల్లల బల్ల మీద, డబ్బా ఒళ్ళో పెట్టుకుని. వెళ్ళి పక్కన కూచున్నాను. బరువు తలుపు దానంతటదే మూసుకుంది.

"మా ఆయన నాతో మాట్లాడక రెండేళ్ళయింది" అంది అక్క.

నేను ఆవిడ వైపు తిరిగాను.

"ఎందుకో తెలీదు. అడిగాను, జవాబు లేదు. తిట్టడు, కొట్టడు, ఎవరితో చెప్పుకోను? గురు, శుక్రవారాలు ఆయనకి సెలవు. నేనొక గదిలోకి వెళ్తే లేచి ఇంకో గదిలోకి వెళ్తాడు. ఒక్కోసారి గరిటె కావాలని కింద పడేస్తాను, ఉలిక్కిపడనైనా పడతాడేమోనని." డబ్బాలో బిళ్ళలు ఒకటొకటే బయటికి తీస్తోంది. "ఇక్కడైతే నేను చప్పుడు చేస్తే ఎవరో ఒకళ్ళు చెయ్యెత్తుతారు కదమ్మాయ్."

డబ్బా ఖాళీ అయ్యాక, "ఇంట్లో ఉన్నది ఇద్దరే కదా అన్నావు. ఇద్దరుంటే బానే ఉండును" అంది.

నాకు ఏడుపొచ్చేసింది. అక్క ఏడవలేదు, చీర చెంగుతో నా మొహం తుడిచింది. నాకు హాయిగా ఉండే ఈ నిశ్శబ్దాన్నే ఆవిడ ఇంట్లో రోజుల తరబడి భరిస్తోంది. ఈవిణ్ణి మూడుసార్లు అడిగాను నేను. బతిమాలాను, దెప్పాను, కుర్చీ లాక్కున్నాను. అవతల గురు, శుక్రవారాలు ఇంట్లోనే ఉండే మా ఆయన్ని, వాళ్ళ అమ్మని ఆ రోజుల్లో మీరే తీసుకెళ్ళచ్చు కదా అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి కాదనిపించుకున్నా వేరు, నాకసలు ఆ ఆలోచనే రాలేదు. ఆయన రోజులు ఆయనవి. పంచుకోవాల్సినవి, గుంజుకోవాల్సినవి మా ఇద్దరివే!

"మీ రోజులు మీవే అక్కా" అన్నాను. అక్క అని పిలిచి ఎన్నాళ్ళయిందో. కుర్చీ ఆవిడకి వదిలేసి కింది అంతస్తుకి వెళ్ళాను. వ్యాయామాలు చేయించే అమ్మాయిని అడిగాను.

"గురు, శుక్రవారాలు ఖాళీయేనండీ. మార్చమని మీరెప్పుడూ అడగలేదు కదా" అంది.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య పక్కన నేను పెట్టిన గిన్నె పెట్టినట్టే ఉంది, మూత కూడా తియ్యలేదు. మొదట ఆవిణ్ణి లేపి కూచోబెట్టి తినిపించాను. ఆకలి మీద గబగబా తింది. మా ఆయన భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందున్నాడు. ఇల్లు మాత్రం ఎక్కడికీ పారిపోలేదు.

"ఏమంది ఆవిడ? దారికొచ్చిందా?" అన్నాడు తల తిప్పకుండా.

"అత్తయ్య వ్యాయామాలు గురు, శుక్రవారాలకి మార్పించాను. వచ్చేవారం నుంచి మీరు తీసుకెళ్ళండి. సోమ, మంగళవారాలు పనమ్మాయిని కూచోమంటాను. నా రోజులు మారవు."

ఆయన వేళ్ళు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"కాస్త కాఫీ ఇస్తావా, తలనొప్పిగా ఉంది" అన్నాడు.

మామూలుగా అయితే కాఫీకి వెళ్ళేదాన్నే. వెళ్ళి, పాలు కాచి, ఆ మాట ఇంకోసారి ఎలా చెప్పాలా అని స్టవ్వు ముందు నిలబడి ఆలోచించేదాన్ని. ఈసారి అక్కడే నిలబడ్డాను.

"మీ చెవులు నేను పరీక్ష చేసినవే. వినబడితే చెయ్యెత్తండి."

ఆయన తలెత్తలేదు. తెరిచి ఉన్న తలుపు అవతల, మంచం మీద అత్తయ్య పడిపోని చెయ్యి మెల్లగా పైకెత్తింది.